వెబ్‌సైటుకు ఏ మెనూ తగినది: లాడ్జి, దుకాణం, కళాశాల నడిపేవారికి ఒక పోలిక

తిరుపతి రైల్వే స్టేషనులో తెల్లవారుజామున బండి దిగిన కుటుంబంలో ఒకరు, ఒక చేత సామాను, మరో చేత ఫోను పట్టుకొని, గది కోసం ఒక లాడ్జి వెబ్‌సైటు తెరిచారనుకుందాం. వారు తెలుసుకోదలచినవి మూడే: గది దొరుకుతుందా, అద్దె ఎంత, అక్కడికి ఎలా చేరాలి. అదే రోజు పగలు, చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు పరిశ్రమ వెబ్‌సైటును వేరే ఊరి కొనుగోలుదారు ఒకరు తన కార్యాలయంలో పెద్ద తెర ముందు కూర్చొని, తోతాపురి గుజ్జు డబ్బాల్లో వస్తుందా, డ్రమ్ముల్లో వస్తుందా, నాణ్యత పత్రాలు ఏవేవి ఉన్నాయి అని నిదానంగా చూస్తుంటారు. మూడో చోట, ఇంటర్ పూర్తయిన కూతురి కోసం ఒక తల్లి డిగ్రీ కళాశాల సైటులో హాస్టలు ఫీజు ఎక్కడ రాశారో వెతుకుతుంటుంది. ఈ ముగ్గురికీ ఒకే రకం మెనూ, అంటే లోపలి పేజీలకు దారి చూపే పేర్ల జాబితా, సరిపడదు. అయినా మన ప్రాంతంలో సైటు చేయించుకునేవారిలో చాలామంది, థీముతో (సిద్ధంగా దొరికే సైటు నమూనాతో) పాటు వచ్చిన మెనూనే ఉంచేసి, రంగుల గురించీ బొమ్మల గురించీ వారాల తరబడి చర్చిస్తారు. వచ్చినవారు లోపలి పేజీలకు చేరగలరా లేదా అన్నది రంగుల కంటే ముందుగా తేలవలసిన విషయమని నేను గట్టిగా నమ్ముతాను.

మెనూ రకాలను పోల్చే ముందు ఒక పని పూర్తి కావాలి. సైటులో ఉండబోయే పేజీల పేర్లన్నీ ఒక్కొక్క చీటీ మీద రాసి, వ్యాపారంతో సంబంధం లేని నలుగురైదుగురికి ఇచ్చి, ఏవి ఏ గుంపులోకి వస్తాయో వారినే సర్దమనాలి. అమ్మేవారి మనసులో ఉన్న విభజనకూ, కొనేవారి మనసులో ఉన్న విభజనకూ ఎంత దూరం ఉందో అప్పుడు బయటపడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని అడిగితే తమ సరుకును కరక్కాయ నీటిలో తడిపిన బట్ట, కలంతో గీసిన గీత, అద్దిన రంగులు అంటూ పని జరిగే తీరును బట్టి చెబుతారు. కొనడానికి వచ్చినవారు మాత్రం చీర, దుపట్టా, గోడకు తగిలించే చిత్రం అని వాడుకను బట్టి వెతుకుతారు. మెనూలోకి రావలసినది రెండో విభజన. మొదటిది ఎంతో విలువైన సమాచారమే కాని, దాని స్థానం ఒక ప్రత్యేక పేజీలో ఉంటుంది.

పేర్ల విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది. లాడ్జి కౌంటరు దగ్గర ఎవరూ ‘వసతి వివరములు’ అని అడగరు, ‘రూము ఉందా?’ అనీ ‘అద్దె ఎంత?’ అనీ అడుగుతారు. కనుక మెనూలో ‘రూములు’, ‘అద్దె’ అని రాయడమే సరైనది. ‘సంప్రదించండి’ అనే మాట దాదాపు ప్రతి తెలుగు సైటులోనూ కనిపిస్తుంది గాని, అది నొక్కితే ఫోన్ నంబరు వస్తుందో, చిరునామా వస్తుందో, నింపవలసిన ఫారం వస్తుందో దాన్ని బట్టి తెలియదు. ‘ఫోన్, చిరునామా’ అని ఉంటే సందేహానికి తావుండదు. ‘మా గురించి’ అన్న పేరును కూడా నేను వీలైనంతవరకు తప్పిస్తాను. ‘మా కళాశాల’, ‘మా మగ్గాలు’ అని ఏ సంస్థకు తగినట్లు ఆ సంస్థ పేరు పెట్టుకుంటే లోపల ఏముందో చదివేవారికి తెలుస్తుంది.

పైన వరుసగా కనిపించే పట్టీ

అన్నింటిలో పాతది, ఇప్పటికీ నేను ముందుగా సిఫారసు చేసేది, పేజీ పైభాగంలో అడ్డంగా అన్ని పేర్లూ కనిపించే పట్టీ. దీన్ని వాడడానికి ఎవరూ ఏమీ నేర్చుకోనక్కరలేదు. సైటులో ఏమున్నదో తెరవగానే కళ్లకు కనబడుతుంది, ఒక్క నొక్కుతో కావలసిన పేజీ వస్తుంది. ఈ పట్టీలో ఏడుకు మించి పేర్లు ఉండరాదని తరచూ చెబుతుంటారు. ఆ ఏడు అన్న సంఖ్య, మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో మనిషి తాత్కాలిక జ్ఞాపకశక్తి మీద రాసిన వ్యాసం నుంచి వచ్చింది. మెనూలోని పేర్లు తెర మీద కనబడుతూనే ఉంటాయి కనుక వాటిని జ్ఞాపకం పెట్టుకోవలసిన అవసరమే లేదు. ఇక్కడ అసలు పరిమితి తెర వెడల్పు. తెలుగు పేర్లకైతే ఆ పరిమితి మరింత త్వరగా ఎదురవుతుంది. కంప్యూటరు తెర మీద ఆరు పేర్లు హాయిగా పట్టే చోట, ఫోను తెర మీద మూడు పట్టడం కష్టం. పట్టీ రెండు వరుసలుగా విరిగినా నష్టం లేదని నా అనుభవం. రెండు వరుసల్లో ఆరు పేర్లు చక్కగా అమర్చిన చిన్న సైటు, ఆ ఆరింటినీ దాచిపెట్టిన సైటు కంటే అన్ని విధాలా మెరుగ్గా పనిచేస్తుంది.

మూడు గీతల గుర్తు

ఫోనులో కుడి మూలనో ఎడమ మూలనో ఉండే మూడు అడ్డగీతలను నొక్కితే మెనూ తెరుచుకునే పద్ధతి ఇది. ఆ గుర్తును నార్మ్ కాక్స్ అనే రూపకర్త, 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటరు కోసం గీశారు. చాలా ఏళ్లు మరుగున ఉండి, స్మార్ట్‌ఫోన్ల కాలంలో తిరిగి ప్రాచుర్యంలోకి వచ్చింది. దీని ఆకర్షణ ఏమిటో సులభంగానే అర్థమవుతుంది: తెర శుభ్రంగా కనిపిస్తుంది, పేర్లు ఎన్ని ఉన్నా, ఎంత పొడవైనా ఇబ్బంది ఉండదు, తయారు చేసేవారికి పని తక్కువ.

వాడేవారికి మాత్రం ఇందులో ఒక నష్టం ఉంది. కనబడని దాన్ని మనిషి వెతకడు. జనం వెబ్‌సైట్లను ఎలా వాడతారో పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ అనే సంస్థ 2016లో 179 మందితో, ఆరు సైట్ల మీద జరిపిన పరిశీలనలో, ఫోన్లలో మెనూ మొత్తం దాచిపెట్టినప్పుడు 57 శాతం సందర్భాల్లోనే జనం దాన్ని వాడారు. ముఖ్యమైన కొన్ని పేర్లు పైకి కనబడేటట్లు ఉంచి మిగిలినవి మాత్రమే దాచినప్పుడు ఆ వాడకం 86 శాతానికి చేరింది. ఈ రెండో పద్ధతిని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మన సైట్లలో ఎక్కువ వాటికి తగినది అదే.

కొన్నేళ్ల కిందట నేను ఒక లాడ్జి సైటులో అన్ని పేజీలనూ మూడు గీతల వెనుక పెట్టాను. యజమాని తండ్రి తన ఫోనులో సైటు తెరిచి, మొదటి పేజీని పైనుంచి కిందికి రెండుసార్లు జరిపి చూసి, ‘ఇందులో అద్దె ఎక్కడ రాసినారు నాయనా?’ అని అడిగారు. ఆయన కంటికి ఆ మూడు గీతలు ఒక అలంకారంగానే తోచాయి. ఆ రోజు నుంచి రెండు నియమాలు తప్పక పాటిస్తున్నాను: గీతల కింద లేదా పక్కన ‘మెనూ’ అన్న మాట రాయడం, అద్దె, ఫోను వంటి అత్యవసరమైన వాటిని ఎన్నడూ దాచకపోవడం. కంప్యూటరు తెర మీద స్థలం కావలసినంత ఉండగా ఈ గుర్తును వాడడానికి నాకు ఏ సమర్థనా కనబడదు.

తెర అడుగున ఉండే పట్టీ

ఫోను యాప్‌లలో మనం రోజూ చూసే పద్ధతి ఇది. వెబ్‌సైట్లలో తక్కువగా కనిపిస్తుంది. ఫోను తెరల రూపకల్పన నిపుణుడు స్టీవెన్ హూబర్ 2013లో వీధుల్లోనూ, ప్రయాణాల్లోనూ 1,333 మందిని గమనించి, తెరను తాకుతూ వాడుతున్నవారిలో 49 శాతం మంది ఫోనును ఒకే చేత్తో పట్టుకొని వాడుతున్నారని తేల్చారు. ఒక చేత సామాను ఉన్న యాత్రికునికి రెండో మార్గమే లేదు. బొటనవేలు తెర పైమూలకు అందడం కష్టం. అడుగు భాగానికి సులభంగా అందుతుంది. అందుచేత లాడ్జులకు, ట్రావెల్స్‌వారికి, రాత్రివేళ తెరిచి ఉండే మందుల దుకాణాలకు ఈ పట్టీ ఎంతో ఉపయోగకరం.

అయితే దీనికి షరతులున్నాయి. సాధారణంగా ఫోను తెర వెడల్పు 360 పిక్సెళ్లు (తెరను కొలిచే చుక్కలు) అనుకుంటే, ఐదు భాగాలు చేసినప్పుడు ఒక్కొక్కదానికి 72 మాత్రమే వస్తాయి. ‘సంప్రదించండి’ వంటి మాట అందులో ఇరుక్కుపోతుంది, ‘ఫోన్’ హాయిగా ఇముడుతుంది. కనుక నాలుగు భాగాలకు మించవద్దని నా సలహా: రూములు, అద్దె, దారి, ఫోన్. ప్రతి గుర్తు కింద దాని పేరు ఉండి తీరాలి. ఐఫోనులోని సఫారీ బ్రౌజరు 2021 నుంచి తన చిరునామా పట్టీని తెర అడుగుకు తెచ్చింది కనుక, మన పట్టీ దాని కింద చిక్కుకోకుండా అడుగున ఖాళీ వదిలేటట్లు తయారీదారుకు చెప్పాలి. వాట్సాప్ గుర్తు ఒకటి విడిగా తేలియాడుతూ పట్టీ మీద పడే సైట్లను కూడా చూస్తుంటాను. పట్టీలో ‘ఫోన్’ ఉన్నప్పుడు వాట్సాప్‌ను ఆ పేజీలోనే చేర్చడం మేలు.

కిందికి తెరుచుకునే మెనూలు, మెగా మెనూ

పేజీలు పాతిక దాటిన కళాశాల, ఆసుపత్రి వంటి సంస్థలకు ఉపమెనూలు తప్పవు. ఇక్కడ ఎంచుకోవలసినది రెండింటి మధ్య: ఒక పేరు కింద సన్నని జాబితా తెరుచుకునే డ్రాప్‌డౌన్, లేదా ఒకేసారి వెడల్పుగా తెరుచుకొని పేర్లన్నిటినీ నిలువు వరుసలుగా చూపే మెగా మెనూ. ఒక్కొక్క పేరు కింద ఐదారు పేజీలే ఉంటే డ్రాప్‌డౌన్ చాలు. కోర్సులు, విభాగాలు, ప్రవేశాలు, పరీక్షలు, హాస్టళ్లు అన్నీ కలిపి నలభై దాటితే మెగా మెనూ నయం, ఎందుకంటే చూసేవారు ఒక్కొక్క జాబితానూ తెరిచి మూసే శ్రమ లేకుండా, అన్నిటినీ పక్కపక్కన చూసి పోల్చుకోగలుగుతారు. డ్రాప్‌డౌన్‌లో నుంచి మరో డ్రాప్‌డౌన్ పక్కకు తెరుచుకునే మూడంతస్తుల అమరికను మాత్రం ఎవరికీ సిఫారసు చేయను. మౌస్ కొంచెం పక్కకు జరిగితే జాబితా మొత్తం మూతబడుతుంది. చేతులు వణికే పెద్దవారికి అది దాదాపు అసాధ్యం.

మరొక చిక్కు కంప్యూటరు తెర మీద పరీక్షిస్తున్నంతసేపూ కనబడదు. మౌస్‌ను పేరు మీదికి తీసుకువెళ్లగానే తెరుచుకునే మెనూ ఫోనులో అదే తీరున పనిచేయదు, ఎందుకంటే వేలు తెరను తాకకుండా ‘మీదికి రావడం’ అనేది లేదు. ‘కోర్సులు’ అన్న పేరు ఒక పేజీకి లింకూ, ఉపమెనూ తెరిచే బటనూ రెండూ తానే అయినప్పుడు, వేలు తాకగానే పేజీ మారిపోయి, ఉపమెనూ ఎన్నటికీ కనబడని సైట్లు ఉన్నాయి. నొక్కితే తెరుచుకునే బటన్‌ను పేరు పక్కన విడిగా పెట్టడమే సరైన పరిష్కారం. అది తెరిచి ఉందో మూసి ఉందో, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు తెలియజేసే ఏర్పాటు కూడా ఉండాలి. చూపులేని విద్యార్థి కూడా ఆ కళాశాలలోనే చేరదలచి ఉండవచ్చు.

ఎడమ పక్కన నిలువుగా ఉండే జాబితా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పొడవైన తెలుగు పేర్లు విరగకుండా పట్టడం దాని గుణం, ఫోనులో చోటు లేకపోవడం దాని దోషం. విభాగాల వారీ పత్రాలు, ఉత్తర్వులు, సిలబస్‌లు ఎక్కువగా ఉండి, ప్రధానంగా కంప్యూటరులో చూసే సైటుకు అది బాగుంటుంది.

తెలుగు లిపి కోరే జాగ్రత్తలు

సిద్ధంగా దొరికే థీములు చాలావరకు రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకొని చేసినవి. వాటిలో తెలుగు పేర్లు పెట్టగానే మూడు చోట్ల తేడా వస్తుంది. గుడులూ, తలకట్లూ పైకి, వత్తులు కిందికి వెళతాయి కనుక వరుస ఎత్తు తక్కువైతే ‘లక్ష్మి’, ‘కృష్ణ’ వంటి మాటల్లో కింది భాగం తెగిపోతుంది. అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా వరుస ఎత్తు ఉంచితే ఈ బాధ తప్పుతుంది. ఇప్పుడు ఏ పేజీలో ఉన్నామో చూపడానికి పేరు కింద గీత గీయడం ఇంకో ఆనవాయితీ. తెలుగులో ఆ గీత వత్తుల మీదుగా పోతుంది, కనుక గీతను మరికొంచెం కిందికి జరపాలి, లేదా పేరు వెనుక లేతరంగు పూయాలి. మూడవది లావు అక్షరాల సమస్య. మండలి వంటి కొన్ని ఫాంట్లకు ఒకే మందం ఉంటుంది. లావుగా చూపమని అడిగితే బ్రౌజరు తానే గీతలను బలవంతంగా మందం చేస్తుంది, అప్పుడు అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోయి చదవడం కష్టమవుతుంది. మెనూలో మందాలు మార్చదలచినవారు నోటో శాన్స్ తెలుగు వంటి, పలు మందాలున్న ఫాంటును ఎంచుకోవాలి.

వేలికి అందే కొలత కూడా ముఖ్యమే. వైకల్యం ఉన్నవారు కూడా వెబ్‌సైట్లు వాడగలిగేటట్లు రూపొందించిన, 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూక్యాగ్ 2.2 ప్రమాణాలు నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలని, లేనిచో చుట్టూ తగినంత ఖాళీ ఉండాలని చెబుతున్నాయి. వాటిలోని పైస్థాయి ప్రమాణం 44. మెనూకు సంబంధించినంతవరకు నేను 44నే పాటిస్తాను.

భాష మార్చుకునే లింకు

తిరుపతికి, కాణిపాకానికి తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చేవారు నిత్యం ఉంటారు కనుక ఇక్కడి సైట్లకు రెండు మూడు భాషలు అవసరమవుతాయి. ఈ లింకును మెనూ లోపల దాచకూడదు. తనకు రాని భాషలో ఉన్న మెనూను తెరిచి, అందులో తన భాషను వెతుక్కోవడం ఎవరికీ సాధ్యం కాదు. పైన కుడివైపున, ఏ భాష పేరు ఆ భాష లిపిలోనే కనబడాలి. జెండా బొమ్మలు పనికిరావు, ఎందుకంటే మన భాషలన్నిటికీ జెండా ఒకటే. భాష మార్చినప్పుడు మొదటి పేజీకి విసిరివేయకుండా, చదువుతున్న పేజీ ఇంకో భాషలో తెరుచుకునేటట్లు చూడాలి.

వర్డ్‌ప్రెస్‌లో అమర్చేటప్పుడు

మన దగ్గర చిన్న సైట్లలో చాలావరకు వర్డ్‌ప్రెస్ అనే, సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేరు మీదే నడుస్తాయి. అందులో మెనూ అమర్చే దారులు రెండున్నాయి, ఏది దొరుకుతుందన్నది థీమును బట్టి ఉంటుంది. 2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఉన్న పాత దారిలో, ‘అప్పియరెన్స్’ కింద ‘మెనూస్’ తెరిచి, కొత్త మెనూకు పేరు పెట్టి, పేజీలను ఎంచి, పైకి కిందికి జరిపి, ఉపమెనూ కావలసిన వాటిని కొంచెం కుడికి లాగి, చివరగా థీములో అది ఏ స్థానంలో కనబడాలో గుర్తించి భద్రపరచాలి. స్థానం గుర్తించడం మరిచిపోవడమే సర్వసాధారణమైన పొరపాటు. అలా మరిచినప్పుడు చాలా థీములు ఖాళీగా ఊరుకోక, సైటులోని పేజీలన్నిటినీ తామే మెనూగా పేర్చి చూపిస్తాయి. ‘నేను పెట్టని పేజీలు మెనూలో ఎందుకు వస్తున్నాయి’ అని అడిగేవారికి తరచుగా జవాబు ఇదే.

2022 జనవరిలో వచ్చిన 5.9 వెర్షన్ నుంచి బ్లాక్ థీములకు (పేజీలోని ప్రతి భాగాన్నీ విడి బ్లాకుగా అమర్చుకునే థీములకు) నావిగేషన్ బ్లాక్ అనే కొత్త దారి వచ్చింది. ఇందులో మూడు గీతల మెనూ ఎప్పుడు రావాలన్నదానికి మూడు ఎంపికలుంటాయి: ఎన్నడూ వద్దు, ఫోనులో మాత్రమే, ఎల్లప్పుడూ. ఐదారు పేజీల సైటుకు మొదటిది, అంతకు మించితే రెండవది ఎంచుకోవాలి, మూడవదాన్ని తాకనక్కరలేదు. మొదట్లో ఈ బ్లాకులో ‘పేజీల జాబితా’ ఉంటే, ప్రచురించిన ప్రతి పేజీ దానంతట అదే మెనూలోకి వచ్చేస్తుంది. దాన్ని విడివిడి లింకులుగా మార్చుకుని, కావలసినవి మాత్రమే ఉంచాలి. రెండు దారుల్లో ఏది మేలని అడిగితే, కొత్తగా మొదలుపెట్టేవారికి నావిగేషన్ బ్లాక్ అంటాను. నడుస్తున్న పాత థీమును కేవలం ఇందుకోసం మార్చవద్దంటాను. పల్లె బడికో, స్వచ్ఛంద సంస్థకో ఖర్చు లేకుండా సైటు కావాలంటే గూగుల్ సైట్స్ ఉంది. అందులో మెనూ పైననో పక్కననో పెట్టుకునే వీలు మాత్రమే ఉంది, వారి అవసరానికి అది చాలు.

ఎవరికి ఏది

లాడ్జికి, ట్రావెల్స్‌కు: ఫోనులో అడుగున నాలుగు పేర్ల పట్టీ, కంప్యూటరులో పైన పట్టీ, మూడు గీతలు అసలే వద్దు. ట్రావెల్స్‌వారు తమ మెనూను కార్ల రకాలను బట్టి కాక, కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు అని ఊళ్లను బట్టి సర్దుకోవాలి. యాత్రికులు ముందు ఊరు ఎంచుకుంటారు, ఆ తరువాతే బండి.

కలంకారీ దుకాణానికి: పైన చీరలు, దుపట్టాలు, గోడ చిత్రాలు అన్న మూడు పేర్లు ఫోనులోనూ కనబడుతూ ఉండాలి, తయారీ విధానం, రవాణా, చెల్లింపు వంటివి ‘మెనూ’ అన్న మాట ఉన్న మూడు గీతల వెనుక ఉండవచ్చు. పైన చెప్పిన మిశ్రమ పద్ధతి దీనికి బాగా కుదురుతుంది.

మామిడి గుజ్జు పరిశ్రమకు పైపట్టీ ఒక్కటే సరిపోతుంది. పేజీలు తక్కువ, చూసేవారు ఎక్కువగా కంప్యూటరు ముందు ఉంటారు. ‘నాణ్యత పత్రాలు’ అన్న పేరును మరో పేజీ లోపల కలిపేయకుండా పట్టీలోనే విడిగా ఉంచితే కొనుగోలుదారుకు మెయిల్ రాసి అడిగే పని తప్పుతుంది.

కళాశాలకు మెగా మెనూ అవసరమే గాని, దాని పైన ‘ప్రవేశాలు’, ‘ఫీజులు’, ‘ఫలితాలు’ అన్న మూడూ ఏడాది పొడవునా నేరుగా కనబడాలి. సంస్థ నిర్వాహకుల ఫోటోలకూ, సందేశాలకూ మెనూలో మొదటి స్థానం ఇచ్చి, ఫీజులను మూడో అంతస్తులో పెట్టిన సైట్లను చూసినప్పుడు బాధ కలుగుతుంది. ఆ సైటు ఎక్కువగా తెరిచేది, తొలిసారి కళాశాల ముఖం చూడబోయే పల్లెటూరి కుటుంబాలు.

అమర్చిన తరువాత, సైటును ఎన్నడూ చూడని ఒకరి చేతికి ఫోను ఇచ్చి, ‘ఇద్దరికి ఏసీ రూము అద్దె ఎంతో చూసి చెప్పండి’ అని ఒక్క పని అప్పగించి, సాయం చేయకుండా పక్కన నిలబడి గమనించండి. వేలు మొదట ఎక్కడికి వెళ్లిందో రాసుకోండి. ఇలా ఐదుగురిని చూస్తే, వారిలో ముగ్గురు ఒకే తప్పు చోటికి వెళ్లినట్లయితే, వారు వెళ్లిన ఆ చోటికే అద్దె లింకును మార్చండి.